కదలని ముల్లు

ఇరవై ఏళ్ళకు పైగా విమానం దించడం నేర్పాను. నేను మాత్రం ఒక్క విమానం కూడా దించలేదు. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఈ సంగతి చెప్పుకుని చాటుగా నవ్వుకునేవారని నాకు తెలుసు. నవ్వుకోనిచ్చేవాణ్ణి. నవ్వినవాళ్ళే మర్నాడు డబ్బాలో కూర్చుని చెమటలు కక్కుతూ ఎటు పోతున్నారో తెలియక నన్ను పిలిచేవారు.

ఇప్పుడు సిమ్యులేటర్ అంటే పెద్ద హాలు, ఇనుప కాళ్ళ మీద లేచే యంత్రం, ముందు అద్దంలో రన్‌వే, వాన, మబ్బు అన్నీ నిజంలాగే కనిపిస్తాయి. ఆ హాళ్ళలో ఇన్‌స్ట్రక్టర్లుగా చేరుతున్న పిల్లలు కొందరు నా దగ్గరికి వచ్చి, మీ రోజుల్లో ఎలా ఉండేదని అడుగుతుంటారు. ప్రమోషన్ల గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. చేరిననాడు ఏ బల్ల ముందు కూర్చున్నానో ఆ బల్ల ముందునుంచే లేచి ఇంటికొచ్చాను. అసలు ఆ పని ఏమిటో, అందులో మనిషి ఎక్కడ పొరబడతాడో నేను చూసినంత చెబుతాను. మీకు పనికొచ్చింది తీసుకోండి.

డబ్బా

జంషెడ్‌పూర్‌లో నది పక్కన ఒక చిన్న ఎయిర్‌ఫీల్డు. అందులో ఓ మూల మా శిక్షణ సంస్థ. డెబ్భైల మొదట్లో చేరాను. అంతకుముందు ఎయిర్‌ఫోర్స్‌లో రేడియో మెకానిక్‌ని. మాది టెక్కలి వైపు. మా పెద్దమామ టాటానగర్ రైల్వేలో ఉండబట్టి ఆయన్ని పట్టుకుని ఈ ఊరు వచ్చాను. కద్మాలో రెండు గదులు అద్దెకు తీసుకుని, సైకిల్ మీద డ్యూటీకి వెళ్ళేవాణ్ణి.

కాగితాల మీద దాని పేరు ఇన్‌స్ట్రుమెంట్ ట్రైనర్. మా నోళ్ళలో డబ్బా. చెక్కతో చేసిన చిన్న విమానం అనుకోండి. పొట్టి రెక్కలు, నీలం రంగు, లోపల ఒక్క మనిషికి చోటు. అడుగున తోలు తిత్తులు ఉండేవి. మోటారు వేస్తే ఆ తిత్తులు ఉబ్బుతూ ముడుచుకుంటూ డబ్బాను అటూ ఇటూ ఒరిగించేవి. మనిషి ఎక్కి కూర్చోగానే పైన మూత దించేసేవాళ్ళం. ఇక వాడికి బయట ఏమీ కనిపించదు. ముందున్న మీటర్లే దిక్కు. మే నెలలో ఆ మూత కింద కూర్చున్నవాడి చొక్కా పిండితే చెంబు నిండేది.

బయట నా బల్ల. బల్ల మీద విమానాశ్రయం మ్యాపు, దాని మీద మూడు చక్రాల చిన్న యంత్రం. దాన్ని పీత అనేవాళ్ళం. లోపలివాడు ఎటు తిప్పితే అది అటు పాకుతూ, వాడు పోయిన దారిని ఎర్ర సిరాతో గీసేది. నా ముందు కూడా ఒక ఆల్టిమీటర్ ఉండేది, వాడెంత ఎత్తులో ఉన్నాడో చూడటానికి. మా ఊళ్ళో చూపు లేకుండా దిగే ఏర్పాటు లేదు కనుక మేము వాడేది కలకత్తా మ్యాపు. అలా మా డబ్బా ఎక్కినవాళ్ళంతా జంషెడ్‌పూర్‌లో కూర్చుని కలకత్తాలో దిగేవారు.

మబ్బులో రన్‌వే కనిపించనప్పుడు నేల మీది రేడియో ఒకటి ఏటవాలుగా కిందికి ఒక దారి చూపిస్తుంది. దాన్ని గ్లైడ్ స్లోప్ అంటారు. ఆ దారి కంటికి కనపడదు. మీటర్‌లో ఒక అడ్డ ముల్లుగా మాత్రమే తెలుస్తుంది. ముల్లు నడిమికి పైన ఉంటే దారి నీకు పైన ఉన్నట్టు, కింద ఉంటే నీ కింద ఉన్నట్టు. దాన్ని ఎప్పుడూ కింది నుంచే అందుకోవాలి. ఒకే ఎత్తులో నిలకడగా పోతుంటే పైన ఉన్న ముల్లు మెల్లగా నడిమికి దిగుతుంది. అప్పుడు ఇంజను తగ్గించి దానితో పాటు దిగడం మొదలుపెట్టాలి. కాస్త దూరం పోయాక ఒక నీలం దీపం వెలుగుతుంది. ఆ దీపం దగ్గర నీ ఎత్తు ఎంత ఉండాలో మ్యాపు మీద రాసి ఉంటుంది, అంత ఉందో లేదో చూసుకోవాలి. వినడానికి ఇంతే. ఇది నేర్పడానికే నా ఉద్యోగమంతా సరిపోయింది.

నా కుడిచెయ్యి

నిజమైన విమానంలో ఆ ముల్లును రేడియో కదుపుతుంది. మా డబ్బాలో నేను కదిపేవాణ్ణి. పీత మ్యాపు మీద ఎక్కడుందో చూసి, నా ముందున్న ఆల్టిమీటర్ చూసి, అక్కడ ఆ ఎత్తుకి ముల్లు ఎక్కడుండాలో లెక్కగట్టి కుడిచేత్తో ఒక గుండీ తిప్పాలి. లోపలివాడు తప్పు పోతుంటే నా చెయ్యి ముల్లును వాడికి దూరం చెయ్యాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. లోపల ఉన్నవాడు మంచివాడై, రెండు నెలలుగా మీతో టీ తాగుతున్నవాడై, ఇంకొంచెంలో దారి పట్టుకునేలా ఉంటే, చెయ్యి దానంతట అదే ముల్లును వాడి వైపు జరుపుతుంది.

నాకు ముందు ఆ కుర్చీలో ఉన్న పెద్దాయన చెయ్యి అలాంటిది. ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలందరూ డబ్బాలో ముత్యాల్లా దిగేవారు. తీరా కలకత్తా మబ్బులోకి వెళ్ళాక ముల్లు పైకీ కిందికీ ఆడుతుంటే బెదిరిపోయేవారు. ఎందుకిలా అవుతోందో ఎవరికీ అర్థం కాలేదు. చివరికి మా చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ గిల్ సాబ్ ఒకరోజు తనే డబ్బాలో కూర్చుని, మూత వేయించుకుని, కావాలని తప్పు నడిపాడట. దిగవలసిన చోటుకన్నా ఎంతో ముందే దిగాడు. ముల్లు కూడా ఆయన వెంటే బుద్ధిగా దిగింది. గిల్ సాబ్ బయటికొచ్చాడు. ఇంకొక మనిషి కావాలని ఆఫీసుకు రాశాడు. అలా వచ్చినవాణ్ణి నేను.

గిల్ సాబ్ యుద్ధంలో విమానాలు నడిపిన మనిషి. గొంతు పెద్దది. కోపం వస్తే టోపీ తీసి నేలకేసి కొట్టేవాడు. అది తీసి దులిపి ఇవ్వడం కూడా నా డ్యూటీలో భాగమే. పని నేర్పడంలో మాత్రం అలాంటివాణ్ణి మళ్ళీ చూడలేదు. కుర్రాడి తప్పు కుర్రాడికే కనబడేదాకా నోరు విప్పకూడదని నాకు నేర్పింది ఆయనే. ఆయనకున్న బలహీనత ఒక్కటే, సంస్థ పేరు. సంస్థకి మాట వస్తుందంటే ఆయన కళ్ళకు ఎదురుగా ఉన్నది కూడా కనిపించేది కాదు. నేను ఆయన్ని గౌరవిస్తాను, అయినా ఈ మాట రాయక తప్పదు.

సింహాచలం

ఎనభైల మొదట్లో సింహాచలం వచ్చాడు. ఇరవై మూడేళ్ళవాడు. తండ్రి అప్పన్న టాటానగర్‌లో గూడ్సు బండి గార్డు, రైల్వే క్వార్టర్లో కాపురం. ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద సీటు దొరికింది. మనిషి పొడుగు. డబ్బాలో మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. అందరితో హిందీలో, నాతో మాత్రం ఇంటి మాటలో మాట్లాడేవాడు.

స్కాలర్‌షిప్ పిల్లలకి ఒక షరతు ఉండేది. డబ్బా పరీక్ష నెగ్గితేనే ఇన్‌స్ట్రుమెంట్ పరీక్షకి విమానం ఎక్కనిస్తారు. డబ్బాలో రెండుసార్లు తప్పితే సీటు పోతుంది. సొంత ఖర్చుతో నేర్చుకునేవాళ్ళు ఎన్నిసార్లయినా తప్పవచ్చు. గార్డు కొడుక్కి ఆ వీలు లేదు.

సింహాచలం మొదటిసారి తప్పాడు. తప్పినందుకు కారణం చాలామందికి ఉండేదే. ముల్లు కదిలితే అతని ప్రాణం కదిలిపోయేది. రవంత పైకి పోతే తనూ ఎగిరేవాడు, రవంత కిందికి పోతే తనూ పడేవాడు. ఆ రోజు మ్యాపు మీద పీత గీసిన గీత చూస్తే తాగినవాడు నడిచినట్టుంది.

తరవాతి ఆదివారం అప్పన్న కద్మాలో మా ఇంటికొచ్చాడు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, తెల్ల యూనిఫాం మీద మసి ఉంది. కూర్చోమన్నా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

“మా వోడికి ఆ డబ్బా వత్తాదా బాబూ? ఉన్నది ఉన్నట్టు సెప్పీండి. రాదంటే సెప్పీండి, ఇప్పుడే రైల్వేలో ఏటో ఒకటి సూత్తాను. వయసు దాటిపోతే అదీ ఉండదు.”

వస్తుందని చెప్పాను. మొహమాటానికి చెప్పలేదు. ముల్లుకు భయపడేవాడు నేర్చుకుంటాడు, భయపడనివాడితోనే నాకు పేచీ. ఆ మాట ఆయనకు అర్థమైందో లేదో కాని, మా ఆవిడ ఇచ్చిన టీ నిలబడే తాగి వెళ్ళాడు.

రెండో పరీక్షకి ముందున్న ఆ రెండు నెలలూ సింహాచలం మీద పెట్టిన శ్రద్ధ నేను ఇంకెవరి మీదా పెట్టలేదు. ముల్లు మీద కాగితం అంటించి ముల్లు లేకుండా దింపించాను. దిగే వేగం పట్టుకో, ముల్లు దానంతట అదే నీ దగ్గరికి వస్తుంది, వణికితే వణకనీ అని చెప్పి చెప్పి నా నోరు నొప్పిపుట్టింది. మెల్లగా కుదుటపడ్డాడు. మ్యాపు మీద గీత తిన్నగా రావడం మొదలైంది. నాకు గర్వంగా ఉండేది. గిల్ సాబ్ కూడా గీత చూసి ఒకటి రెండుసార్లు తల ఊపాడు. ఆయన తల ఊపడమంటే మాలో పెద్ద సంగతే.

బొట్టు

రెండో పరీక్ష విశ్వకర్మ పూజ వెళ్ళిన వారానికి పడింది.

ఈ ఊళ్ళో విశ్వకర్మ పూజ అంటే ఏమిటో వేరే చోటివాళ్ళకి చెబితే గాని తెలియదు. ఆ రోజు కార్ఖానాలో క్రేను దగ్గర్నుంచి జుగ్సలాయి బజారులో కుట్టుమిషను దాకా యంత్రమన్నది ఏదీ పని చెయ్యదు. అన్నింటికీ స్నానం, బంతిపూల దండ, సింధూరం, కొబ్బరికాయ. మా డబ్బాకి కూడా జరిగేది. పూజ చేసేది మా మెకానిక్ మహతో మిస్త్రీ. ప్రతి ఏడూ డబ్బా ముక్కు మీద చెక్కకి ఒక్క బొట్టు పెట్టి ఊరుకునేవాడు. ఆ ఏడు ఆయన ఇంట్లో ఏదో శుభం జరిగింది. ఆ సంతోషంలో లోపల కూర్చుని, ఒక్కొక్క మీటర్‌కి ఒక్కొక్కటి చొప్పున అన్నింటి గాజు మీదా నూనెలో కలిపిన సింధూరం బొట్లు పెట్టాడు. పెట్టిన బొట్టు చేత్తో తుడవకూడదు, దానంతట అదే చెరిగిపోవాలి. అది ఇక్కడి ఆచారం. గిల్ సాబ్ పంజాబీ అయినా మా అందరికన్నా గట్టిగా పాటించేవాడు.

గ్లైడ్ స్లోప్ మీటర్‌కి ఒక గుణం ఉంది. రేడియో ఆగిపోతే ముల్లు ఏ చివరకో పడిపోదు. సరిగ్గా నడిమికి వచ్చి నిలబడిపోతుంది. అంటే దారి చక్కగా పట్టుకున్నప్పుడు ఎక్కడుంటుందో, చచ్చినప్పుడు కూడా అక్కడే ఉంటుంది. ఆ తేడా తెలియడానికే మీటర్ పైభాగంలో చిన్న కిటికీ పెట్టారు. రేడియో పోగానే అందులో ఎర్రజెండా పడుతుంది. మహతో మిస్త్రీ పెట్టిన బొట్టు ఆ కిటికీని సగం మూసింది. మేమందరం చూశాం. గాజు మీద వద్దని నేను గిల్ సాబ్‌తో అన్నాను. నాలుగు రోజులు పోతే పోతుందిలే అన్నాడు. నూనె బొట్టు పోలేదు.

పరీక్ష

పరీక్షాధికారి కెప్టెన్ మాథుర్ ఢిల్లీ నుంచి వచ్చాడు. సన్నటి మనిషి. గొంతు పెంచడు, పెన్సిలు తప్ప వాడడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సింహాచలం డబ్బా ఎక్కాడు. మూత వేశాం.

అన్నీ బాగానే జరిగాయి. కలకత్తా వైపు తిన్నగా వచ్చాడు, రెండు వేల అడుగుల ఎత్తులో నిలకడగా నిలిచాడు. నేను గుండీ తిప్పుతున్నాను. పైనున్న ముల్లు నడిమికి దిగడం మొదలైంది. ఇంకా సగం దారిలో ఉండగా మాథుర్ నా కళ్ళముందు వేళ్ళతో కత్తెరలా చూపించాడు. గ్లైడ్ స్లోప్ ఆపెయ్యమని. పరీక్షల్లో ఇది మామూలే. స్విచ్ ఆపేశాను.

ఆపిన చెయ్యి వెనక్కి తీసుకుంటుండగా బొట్టు గుర్తొచ్చింది. వెంటనే మాథుర్ చెవిలో చెప్పాను, జెండా పడే చోట సింధూరం ఉంది, కుర్రాడికి సరిగా కనిపించకపోవచ్చు అని. ఆయన నా వైపు చూసి, పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. పరీక్ష నడుస్తుండగా లోపలివాడితో మేము హెడ్‌ఫోనులో కంట్రోల్ టవర్ చెప్పే మాట తప్ప ఇంకో మాట మాట్లాడకూడదు.

లోపల ముల్లు ఒక్క ఉదుటున నడిమికి వచ్చి ఆగి ఉంటుంది. నా ఆల్టిమీటర్ దిగడం మొదలైంది. సింహాచలం దిగుతున్నాడు. అప్పటికింకా దారి అతనికి చాలా పైన ఉంది. ఇంకా ఎదురుగా చాలా దూరం పోవలసినవాడు, అప్పుడే కిందికి దిగుతున్నాడు. దిగడం మాత్రం ఎంత చక్కగా దిగుతున్నాడో, నేను నేర్పిన వేగం రవంత కూడా చెదరలేదు. నీలం దీపం వేశాను. అక్కడ ఎత్తు చూసుకుంటే సరిపోయేది, ఉండవలసినదాంట్లో సగం కూడా లేదు. చూసుకోలేదు. పీత పొలాల మీదుగా పాకుతూనే ఉంది. రన్‌వే ఇంకా జానెడు దూరంలో ఉండగానే ఆల్టిమీటర్ నేల చూపించింది. మాథుర్ పెన్సిలు బల్ల మీద పెట్టి, చాలు అన్నాడు.

మూత తీశాక కూడా సింహాచలానికి ఏం జరిగిందో తెలియదు. బాగా దిగానన్న ముఖంతో బయటికొచ్చాడు. మ్యాపు చూపించాను. గీత వెంట వేలు పెట్టి పోయి, అది పొలాల్లో ఆగిపోయిన చోట ఆగాడు.

ఇంతలో గిల్ సాబ్ వచ్చాడు. సంగతి విని, డబ్బాలోకి వంగి మీటర్ చూసి, హమ్మయ్య అనుకున్నట్టు లేచాడు. మీటర్ సరిగా లేదు కాబట్టి పరీక్షే జరగనట్టు లెక్క అన్నాడు. మాథుర్ కూడా అది న్యాయమే అన్నాడు. కుర్రాడికి జెండా కనిపించకపోతే పరీక్ష జరగలేదని రాసి, మళ్ళీ నెలలో వస్తానన్నాడు. సింహాచలం వైపు తిరిగి, జెండా కనిపించిందా అని అడిగాడు.

లేదు అన్న ఒక్క మాట చాలు. గాజు మీద బొట్టు అందరికీ కనిపిస్తూనే ఉంది. అతను లేదంటే అబద్ధమని ఎవరూ అనలేరు. గిల్ సాబ్ అతని వైపు కళ్ళతోనే చెబుతున్నాడు. నా మనసులో కూడా ఆ మాటే ఉంది.

“దిఖా థా, సర్,” అన్నాడు సింహాచలం. కనిపించింది సార్ అని.

మరి ఎందుకు దిగావని అడిగాడు మాథుర్. సింహాచలానికి హిందీలోనూ ఇంగ్లీషులోనూ మాట తోచలేదు. నా వైపు తిరిగి మన మాటలో చెప్పాడు.

“ఎరుపు ఎక్కువైనట్టు కనిపించినాది మాస్టారూ. బొట్టే అనుకున్నానని సెప్పొచ్చు, కాని అనుకోలేదు. ముల్లు నిలబడిపోయినాది. ఇన్నాళ్ళూ అది నన్ను ఏడిపించినాది, ఆ ఒక్కపాలి నా మాట ఇన్నట్టు నిలబడిపోయినాది. హాయిగా అనిపించింది. ఎందుకు నిలబడినాదో తెలుసుకోవాలనిపించలేదు.”

ఏమన్నాడని మాథుర్ నన్ను అడిగాడు.

ఆ గదిలో తెలుగు తెలిసినవాళ్ళం మేమిద్దరమే. సరిగా కనిపించలేదట అని నేనంటే సరిపోతుంది. నా వెనక గిల్ సాబ్ గొంతు సవరించుకున్నాడు. గుమ్మం దగ్గర నిలబడి టీ తాగిన అప్పన్న నాకు కళ్ళముందు మెదిలాడు. సింహాచలం కూడా నా ముఖమే చూస్తున్నాడు. అతను చెప్పింది చెప్పినట్టు, ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషులో చెప్పాను.

మాథుర్ కాగితం మీద రాయవలసింది రాశాడు. లేచి వెళుతూ సింహాచలానికి చెయ్యి అందించాడు. అలా పరీక్ష తప్పినవాడికి చెయ్యి అందించడం నేను మళ్ళీ చూడలేదు.

తప్పెవరిది

ఈ కథ చెప్పినప్పుడల్లా తప్పెవరిదని అడుగుతారు. మహతో మిస్త్రీదా అంటే, ఆయన భక్తితో చేశాడు. ఆ సాయంత్రం ఏడుస్తూ కిరోసిన్ గుడ్డతో గాజులన్నీ తనే తుడుస్తానంటే, మర్నాడు తుడువు అని పంపించేశాను. ఆ మర్నాటి నుంచి బొట్టు మళ్ళీ చెక్కకే వెళ్ళింది. గిల్ సాబ్ నాతో చాలా రోజులు మాట్లాడలేదు. సంస్థ నుంచి ఒక స్కాలర్‌షిప్ కుర్రాడు రెండుసార్లు తప్పాడన్న మాట ఆయనకి మింగుడు పడలేదు. అక్కడ ఆయన తప్పు. కాని తరవాత ఆయనే, ప్రతి కుర్రాడికి మొదటి నెలలోనే చచ్చిన ముల్లు పాఠం చెప్పాలని పెట్టాడు. నాకు చెప్పకుండా పెట్టాడు, అది వేరే సంగతి.

మాథుర్ చేసింది సరైనదే. అయినా నాకు ఆయన మీద ఇప్పటికీ కొంచెం కోపం ఉంది. నిజం చెప్పినవాడికి నష్టం, చెప్పనివాడికి మళ్ళీ అవకాశం అన్న నియమం ఎవరు చేశారో నాకు తెలియదు. చేసినవాడు ఎప్పుడూ డబ్బాలో కూర్చుని ఉండడు.

నా అభిప్రాయం అడిగితే, అసలు పొరపాటు ఎక్కడ జరుగుతుందో సింహాచలమే చెప్పాడు. మీటర్ చెడిపోవడం వల్ల విమానాలు పడటం నేను తక్కువ విన్నాను. చెడిపోయిన మీటర్ మనకు కావలసినదే చూపిస్తుంటే, అడగబుద్ధి కాకపోవడం వల్ల జరిగేదే ఎక్కువ. మీ కొత్త హాళ్ళలో ఎన్ని దీపాలు పెట్టినా ఈ ఒక్కదానికి దీపం లేదు. మీరు నేర్పవలసింది ముల్లును నడిమిలో ఉంచడం కాదు. అది అక్కడికి ఎలా వచ్చిందో చూడటం. బతికి ఉన్న ముల్లు మెల్లగా వస్తుంది, వచ్చాక కూడా కొంచెం వణుకుతూనే ఉంటుంది.

సింహాచలం సీటు పోయింది. రైల్వేలో చేరడానికి వయసు ఇంకా ఉంది కాని చేరలేదు. ఈ ఊళ్ళోనే బారిడీహ్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా మూడేళ్ళు చేసి, ఇంకో రాష్ట్రంలో ఇంకో క్లబ్బులో సొంతంగా నేర్చుకుని ఆ పరీక్ష నెగ్గాడు. చాలా ఏళ్ళు సరకు విమానాలు నడిపాడు. ఇవన్నీ నాకు తరవాత తెలిసినవి. ఆ రోజు నాకూ అతనికీ ఇవేమీ తెలియవు. ఆ రోజుకి అతని విమానాల కథ అయిపోయినట్టే.

ఆ సాయంత్రం

మాథుర్ గెస్ట్‌హౌసుకి వెళ్ళాడు. గిల్ సాబ్ టోపీ తనే తీసుకుని వెళ్ళిపోయాడు. కార్ఖానా భోంపు మోగింది, షిఫ్టు మారే వేళ. నేను మ్యాపు మడిచి పెడుతున్నాను. సింహాచలం ఇంకా అక్కడే బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఇంటికి వెళ్ళి తండ్రికి ఎలా చెప్పాలా అని చూస్తున్నాడనుకున్నాను. ఆయన బండి ఆ రాత్రికి గాని రాదని తరవాత తెలిసింది.

“మాస్టారూ, ఒకపాలి ఎక్కనిత్తారా?”

“ఇప్పుడు ఏటికిరా?”

“పరీచ్చ కోసం కాదు. ఆ ముల్లు సచ్చిపోతే నాను ఏటి సేత్తానో నాకు తెలాల. తెలకుండా ఎల్లలేను.”

నియమం ప్రకారం ఎక్కించకూడదు. సీటు పోయిన మనిషి. నేను మోటారు వేశాను. మ్యాపు మళ్ళీ పరిచాను. పీత కలం ఎత్తి పెట్టేశాను, గీత పడకుండా. అతను మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. బొట్టు ఇంకా గాజు మీద అలాగే ఉంది. మూత వేశాను.

ఒకే ఎత్తులో వచ్చాడు. ముల్లును పైనుంచి దింపాను, దగ్గరికొచ్చేదాకా ఆగాడు, నడిమికి రాగానే దానితో పాటు దిగాడు. నా కుడిచెయ్యి ఎప్పుడూ అంత నిజాయితీగా పని చెయ్యలేదు. ఒక్క వెంట్రుక వాసి కూడా సాయం చెయ్యలేదు, ఒక్క వెంట్రుక వాసి కూడా మోసం చెయ్యలేదు. ముల్లు వణుకుతోంది, అతను వణకనిస్తున్నాడు. నీలం దీపం వేశాను, ఎత్తు సరిగ్గా ఉంది. ఇక రన్‌వే దగ్గరపడుతోంది. అలాగే దింపేసి, ఇంత బాగా దిగావని చెప్పి ఇంటికి పంపాలని ఎంతగానో అనిపించింది. అతను అడిగింది అది కాదు. స్విచ్ ఆపేశాను.

ఆల్టిమీటర్ ఇంకా కొంచెం దిగింది. నేను దాన్నే చూస్తున్నాను. ఆగింది. మెల్లగా పైకి తిరగడం మొదలుపెట్టింది.

హెడ్‌ఫోనులో అతని గొంతు, నిజం విమానంలో మాట్లాడినట్టే, తొందర లేకుండా వినిపించింది. గ్లైడ్ స్లోప్ పోయింది, దిగడం మానుకుని పైకి వెళుతున్నాను అని టవర్‌కి చెబుతున్నాడు.

టవర్ నేనే. విన్నానని జవాబివ్వాలి. గుండీ మీది కుడిచెయ్యి తీసి మైకు నొక్కాను.